ఉప్పు లారీ ఎక్కిన మొక్కు

ధాపూబాయికి మనుషుల ముఖాలు గుర్తుండేవి కావు, పాదాలు గుర్తుండేవి. పోయినేడు వచ్చిన జాత్రూ మళ్ళీ వచ్చి "జై బాబా రీ! గుర్తుపట్టావా ధాపూబాయీ?" అంటే అతని మొహం వంక చూసేదే కాదు. "ముందు కాలిటు పెట్టు నాన్నా" అనేది. కాలు చూశాక, "ఓహో, బాలోతరా వాడివి కదూ! కుడి చిటికెనవేలు పక్కవేలి మీద ఎక్కి కూర్చుంటుంది. పెళ్ళాంతో దెబ్బలాడి మంచంకోడుని తన్నానన్నావు. ఈ ఏడైనా రాజీపడ్డారా, లేక ఇంకో కాలు కూడా చూపిస్తావా?" అనేది. చుట్టూ కూర్చున్నవాళ్ళు విరగబడి నవ్వేవారు. బాలోతరావాడు కూడా నవ్వేవాడు.

రుణీచా ఇంకా మూడు కోసులుందనగా రోడ్డు పక్కన ఒక జమ్మిచెట్టు కింద ఆమె కూర్చునే చోటు. భాద్రపదం వచ్చిందంటే మా ఎడారిలో సగం జనం రోడ్ల మీదే ఉంటారు. రుణీచాలో, మేము బాబా అనీ ముసల్మానులు పీరు అనీ కొలిచే మా రామాపీరు సమాధికి జెండాలు పట్టుకుని నడిచి వెళ్ళేవాళ్ళు. అలా నడిచేవాణ్ణే జాత్రూ అంటాం. దారి పొడుగునా ఊళ్ళవాళ్ళు పందిళ్ళు వేసి, చేతులు పట్టుకు లాగి మరీ రొట్టెలు పెడతారు, మజ్జిగ పోస్తారు. ధాపూబాయి దగ్గర రొట్టెలు లేవు, పందిరీ లేదు. ఒక నీలం ప్లాస్టిక్ తొట్టి, పొయ్యి మీద వేడినీళ్ళ బిందె, పటికముక్క, పసుపు, ఆవనూనె, సూది, నూలుదారం. అంతే.

బొబ్బలోంచి సూదితో దారం దూర్చి, ఆ దారాన్ని అందులోనే వదిలేసేది. నీరంతా దారం వెంట కారిపోయేది, తోలు మాత్రం ఊడేది కాదు. నీళ్ళలో పటిక వేసేది గాని ఉప్పు ఎప్పుడూ వేసేది కాదు. "నడిచి నడిచి వచ్చినవాడి కాలికి ఉప్పు పెట్టడానికి నేనేమైనా వాళ్ళ అత్తనా?" అనేది. కట్టు కట్టడానికి పాత తలపాగాల గుడ్డ. ఏడాది పొడుగునా ఊరూరా తిరిగి చిరిగిన తలపాగాలు అడిగి తెచ్చుకుని, ఉతికి, చీరికలు చేసి దాచేది. ఒక్క కానీ తీసుకునేది కాదు.

కాళ్ళు కడగడం అయ్యాక ఒక పని చేసేది. తొట్టిలో ఆ నీళ్ళలో వేలు ముంచి, ఒక చుక్క నాలుకకు రాసుకుని, తర్వాత కళ్ళకు అద్దుకునేది. జాత్రూ పాదాల నీళ్ళంటే ఆమెకు బాబా పాదాల నీళ్ళే. మొదటిసారి చూసినప్పుడు నాకు వెలపరం పుట్టింది, దాచడమెందుకు.

నలుగురు ఆడపిల్లల తర్వాత ఐదోది పుడితే మా వైపు దేవుడికి వినబడేలా ధాపూ అని పేరు పెడతారు. కడుపు నిండిపోయింది, ఇక వద్దు స్వామీ అని దాని అర్థం. అలాంటి పేరుతో బతుకు మొదలుపెట్టిన మనిషి. మొగుడు కేసారామ్ సుద్దరాయి గనుల్లో పనిచేసి, ఛాతీ నిండా ఆ దుమ్మే నింపుకుని నలభై ఏళ్ళు నిండకుండా పోయాడు. ఆ ఏడు భాద్రపదంలో బాబాకు ఇవ్వడానికి ఇంట్లో కొబ్బరికాయ కూడా లేదట. "చేతులు మిగిలాయి కదా, అవే ఇచ్చా" అని చెప్పేది. ఒక్క కూతురు, బాడ్మేరు వైపు ఇచ్చింది. మొగుడు పోయిన ఏటి నుంచి ప్రతి భాద్రపదం ఆ చెట్టు కిందే కూర్చుంది.

ఆమె మేఘవాల్. మేము సుథార్లం, వడ్రంగులం. మామూలు రోజుల్లో మేఘవాళ్ళ వాడ ఊరికి అవతల, వాళ్ళ కుండ వేరు, మా కుండ వేరు. భాద్రపదంలో మాత్రం అవేమీ ఉండవు. జాత్రూకి కులం లేదంటారు. ఎవరు పోసినా తాగాలి, ఎవరు పెట్టినా తినాలి, కాదంటే బాబాకు కోపం వస్తుంది. ఆ నెల రోజులూ మేమంతా ఎంత మంచివాళ్ళమో! మా మంచితనం చూసుకుని మాకు మేమే మురిసిపోతాం. ఇప్పుడు ఈ కాగితం మీద ‘ఆమె’ అని రాస్తున్నాను గాని, ఆ రోజుల్లో ఇంటికొచ్చాక ‘అది’ అనే అనేవాళ్ళం. నేనూ అలాగే అనేవాణ్ణి.

దొంగ జాత్రూలంటే ధాపూబాయికి ఒళ్ళు మంట. ఒకసారి ఒక షావుకారు కొడుకు తెల్లటి బట్టల్లో వచ్చి, "నూరు మైళ్ళు నడిచాను బాయీ, కాళ్ళు పుళ్ళయిపోయాయి" అని కాలు చాచాడు. కాలు తొట్టిలో పెట్టనివ్వలేదు. "ఈ కాలు నడవలేదు బాబూ, జీపు నడిచింది. పోయి దాని టైరు దొర్లించుకురా, పసుపు రాసి పంపిస్తా" అంది. పాతికమంది విన్నారు. వారం తిరక్కుండా మా చుట్టుపక్కల ఊళ్ళన్నిట్లో అతనికి టైరుసేఠ్ అని పేరొచ్చింది. పాపం, పెళ్ళయి పిల్లలు పుట్టినా ఆ పేరు పోలేదు.

ఆ కథ చెప్పుకుని అందరికంటే ఎక్కువ నవ్వినవాణ్ణి నేనే. ఇక నా సంగతి చెబుతాను. ఇరవై ఆరేళ్ళుగా ఎవరికీ చెప్పలేదు.

మా అన్న గేవర్ ఒక ఇంటికి దూలం ఎక్కిస్తుండగా జారి నడుం మీద పడ్డాడు. నడుం నుంచి కిందికి చలనం లేదు. జోధ్‌పూర్ తీసుకెళ్ళాం, తీసుకొచ్చాం. ఏడు నెలలు మంచమే. అమ్మ ఒకరోజు పొయ్యి ముందు కూర్చుని పెద్దగా మొక్కేసింది: "బాబా, నా గేవర్ లేచి నిలబడితే, వాడి తమ్ముడు పుఖరాజ్ చెప్పుల్లేకుండా, జెండా చేత పట్టుకుని నీ దగ్గరికి నడిచొస్తాడు." నన్నొక మాట అడిగిందా? లేదు. మా ఇళ్ళల్లో మొక్కేది అమ్మలు, నడిచేది మేము.

ఎనిమిదో నెలలో అన్న గోడ పట్టుకుని లేచాడు. తర్వాత కర్రతో నాలుగడుగులు వేశాడు. అమ్మ ఆనందం చెప్పలేను. దాని వెనకే భయం పట్టుకుంది. నేను బయల్దేరే రోజున నుదుట బొట్టు పెట్టి నా చెయ్యి పట్టుకుంది. "పుఖరాజూ, ఇది వాడి కాళ్ళతో పనిరా. మొక్కులో ఒక్క అడుగు తగ్గినా వాడి కాలు మళ్ళీ పడిపోతుంది. నీకు దణ్ణం పెడతాను, ఎక్కడా బండి ఎక్కకు" అంది. "నాకు తెలీదా అమ్మా, చిన్నపిల్లాణ్ణా!" అని కసిరాను.

మా ఊరి బృందంలో పద్నాలుగు మందిమి. పెద్ద లిఖమారామ్ కాకా, మా నాన్నకు తమ్ముడు. ఐదు రోజుల నడక. మొదటి రోజు జెండా పట్టుకుని అందరికంటే ముందు నేనే. తెల్లటి జెండా మీద ఎర్రగుడ్డతో కుట్టిన బాబా పాదాలు. రెండో రోజు మధ్యాహ్నానికి నా పాదాలు పాదాల్లా లేవు. ఇసుక పెనంలా కాలింది. పల్లేరుకాయల్లాంటి ముళ్ళు వేళ్ళ సందుల్లో దిగాయి. రెండు మడమల మీదా బొబ్బలు. మిగతావాళ్ళకూ ఉన్నాయి లెండి. నాకన్నా పదిహేనేళ్ళు పెద్దవాడు లిఖమా కాకా, ఆయన పాడుకుంటూ నడిచాడు.

మూడో రోజు పొద్దున్న కడుపు పట్టుకుని కూర్చున్నాను. "కాకా, కడుపులో మెలిపెడుతోంది. మీరు పదండి, నేను వెనకాలే వస్తా."

"జెండా ఇటివ్వరా, నేను పట్టుకుంటాను."

"నా చేతిలోనే ఉండాలని అమ్మ మొక్కింది కాకా" అన్నాను. ఆ పొద్దున్న నేను చెప్పిన నిజం అదొక్కటే.

వాళ్ళు కనుమరుగయ్యాక ఉప్పు లారీ వచ్చింది. నడిపేవాడు సుమార్ ఖాన్. ఆ లారీ బాడీకి చెక్కలన్నీ బిగించింది నేనే. బ్రేకు వేసి తల బయటపెట్టాడు.

"ఏరా పుఖరాజ్, కుంటి ఒంటెలా అయ్యావేంటి? ఎక్కు. రెండు కోసుల అవతల టీకొట్టు దగ్గర దింపేస్తా. మీ బాబాకి చెప్పన్లే."

"మా బాబా ఏంటి, మీ పీరు కాదా?"

"అందుకేగా చెప్పనంటున్నా! తెలిస్తే నన్నూ తంతాడు."

రెండు కోసులే కదా అనుకున్నాను. నిజంగా అంతే అనుకున్నాను. వెనక ఉప్పు బస్తాల మీదికెక్కి, జెండా పక్కన పడుకోబెట్టి, కాళ్ళు చాపుకున్నాను. ఆ హాయి ఇప్పటికీ గుర్తుంది, అదే నాకు సిగ్గు.

టీకొట్టు దగ్గర లారీ ఆగింది. తల ఎత్తబోయేసరికి లిఖమా కాకా గొంతు వినబడింది. మా వాళ్ళంతా అక్కడే కూర్చుని టీలు తాగుతున్నారు! టార్పాలిన్ లాక్కుని దాని కింద దూరాను. మూతి ఉప్పు బస్తాకు ఆనించి ఊపిరి బిగబట్టాను.

కాకా కొట్టువాడితో అంటున్నాడు: "మా పిల్లాడొకడు వెనక వస్తున్నాడు, చేతిలో జెండా ఉంటుంది. కడుపునొప్పి వాడికి. ఈ రెండు సజ్జరొట్టెలు దాచిపెట్టి, వాడు రాగానే తినిపించు. వద్దంటాడు, మొహమాటస్థుడు. నువ్వు వినొద్దు."

ఆ మాట విన్నాకైనా దిగి వెళ్ళి కాకా కాళ్ళ మీద పడుంటే, తిట్టి, రెండు తగిలించి, నడిపించుకుపోయేవాడు. దిగలేదు. సుమార్ ఖాన్ వెనక్కొచ్చి చెక్క మీద తట్టాడు. "ఏరా, దిగవా?" అన్నాడు మెల్లగా. "పోనియ్" అన్నాను. "ఎక్కడిదాకా?" అన్నాడు. "పోనియ్ బాబూ, ముందు పోనియ్" అన్నాను.

అలా రెండు రోజుల నడక మూడు గంటల్లో అయిపోయింది. ధాపూబాయి చెట్టుకు నాలుగు కోసుల ఇవతల దిగిపోయాను. మా వాళ్ళు అక్కడికి చేరేది ఐదో రోజు పొద్దుటికి. అప్పటిదాకా ఒక సజ్జచేలో పాడుబడ్డ కాపలా గుడిసెలో దాక్కున్నాను. చేలో ఎడారి పుచ్చకాయలు తిన్నాను. తాగడానికే నీళ్ళు లేవు, ఇక ఒళ్ళు కడగడం ఎక్కడ! జెండాను ఒక మూలకు ఆనించాను. కాసేపటికి ఆ ఎర్ర పాదాలు చూడలేక తువ్వాలు కప్పాను.

అక్కడ కూర్చుని వడ్రంగి బుర్ర పనిచెయ్యడం మొదలుపెట్టింది. అనుమానం వస్తే ఏం చెప్పాలి? రాత్రుళ్ళు కూడా నడిచి అడ్డదారిన ముందు వచ్చేశానని చెప్పాలి. సాక్ష్యం? ధాపూబాయి కట్టు! ఆమె కట్టు కట్టిన కాలిని ఎవడూ అనుమానించడు. బొబ్బలు రెండు రోజులవి ఉండనే ఉన్నాయి. వాటిని గులకరాళ్ళతో రాసుకుని కొత్తగా కనబడేలా చేశాను. మట్టి పూసుకున్నాను. టైరుసేఠ్‌లా తెల్లబట్టల్లో వెళ్ళడానికి నేనేమైనా తెలివితక్కువవాడినా అనుకున్నాను.

ఐదో రోజు ఎండ ఎక్కకముందే చెట్టు కిందికి చేరాను. నలుగురైదుగురు జాత్రూలున్నారు. నా వంతు వచ్చింది.

"కాలిటు పెట్టు నాన్నా. ఏ ఊరు?"

చెప్పాను. "మా బృందం కంటే ముందొచ్చేశా బాయీ. అన్న కోసం మొక్కు. ఆగబుద్ధి కాలేదు."

"అన్నకేమయింది?"

నడుం సంగతి, చెప్పుల్లేకుండా నడవాలని అమ్మ మొక్కిన సంగతి చెప్పాను. ఆమె వింటూ నా కాళ్ళు ఒళ్ళో పెట్టుకుని, తొట్టిలోకి దించి, మడమల పగుళ్ళు, వేళ్ళ సందులు మెత్తగా రుద్దింది. ఒక బొబ్బ మీద బొటనవేలు ఆనించి కాసేపు అలాగే ఉంచింది. "కొత్త బొబ్బ మెత్తగా ఉంటుంది" అని తనలో తను అనుకున్నట్టు అంది. తర్వాత అలవాటు ప్రకారం వేలు ముంచి, నాలుకకు రాసుకుంది.

రాసుకుని ఆగిపోయింది. కళ్ళకు అద్దుకోలేదు. మళ్ళీ వేలు ముంచి మళ్ళీ నాలుకకు పెట్టుకుంది. అప్పుడు తలెత్తి, అందరూ ఆమె ఎప్పుడూ చూడదనే చోటు, నా ముఖంలోకి చూసింది.

"ఉప్పు నేను వెయ్యలేదే" అంది.

రెండు రోజులుగా కాళ్ళు కడగలేదు కదా. బస్తాల మీద పడుకున్నప్పుడు పగుళ్ళలో ఇరుక్కున్న ఉప్పంతా ఆ తొట్టిలో కరిగింది. మట్టి పూసుకోవాలని తోచిన బుర్రకు ఉప్పు సంగతి తోచలేదు.

"ఉప్పు మళ్ళ మీదుగా వచ్చావా నాన్నా?" అంది. ఉప్పు మళ్ళు జాత్రూల దారిలో లేవు. అక్కణ్ణించి వచ్చేవి లారీలే. ఆ సంగతి నాకూ తెలుసు, ఆమెకూ తెలుసు.

"ఊఁ" అన్నాను.

సరిగ్గా అప్పుడే రోడ్డు మీద పాట వినబడింది. మా వాళ్ళు. ఆ పక్కనే బస్సు ఆగి, అందులోంచి అమ్మ దిగింది. వెనకే కర్ర ఊతంగా గేవర్ అన్న. చివరి మూడు కోసులూ అన్నను ఒంటెబండి మీద కూర్చోబెట్టి మాతో కలిసి వెళ్ళాలని ముందే అనుకున్నారు. ఇందరూ ఒక్కసారే వచ్చి నా చుట్టూ నిలబడ్డారు. నా కాళ్ళు ఇంకా ఆమె తొట్టిలోనే ఉన్నాయి.

లిఖమా కాకా మొహంలో సంతోషం లేదు. "మాకంటే ముందెలా వచ్చావురా? టీకొట్టు దగ్గర రొట్టెలు కూడా ముట్టలేదని తర్వాత వచ్చినవాళ్ళు చెప్పారు. ఏ దారిన వచ్చావు?"

"రాత్రుళ్ళు నడిచాను కాకా. అడ్డదారిన."

"కడుపునొప్పితోనా?"

కాకా ఆమె వైపు తిరిగాడు. "ధాపూ, నువ్వు చెప్పు. కాలు చూస్తే నీకు తెలియనిది లేదుగా. వీడు నడిచే వచ్చాడా?"

అందరూ ఆమె వైపే చూశారు. టైరు కథ తెలియనివాడు అక్కడ లేడు. నా పని అయిపోయింది అనుకున్నాను. నాకెంత సిగ్గుచేటైనా పరవాలేదు, అమ్మ వింటుంది. విని, ఆ క్షణం నుంచి చచ్చేదాకా అన్న కాళ్ళ వంకే చూస్తూ బతుకుతుంది.

ధాపూబాయి అమ్మను చూసింది. అమ్మ రెండు చేతులూ జోడించి, కొంగు పళ్ళ మధ్య పట్టుకుని నిలబడింది. తర్వాత అన్న పాదాల వంక చూసింది. సన్నబడి, ఒకటి కొంచెం లోపలికి తిరిగి, ఇసుకలో ఎలాగో నిలబడ్డ పాదాలు. చాలాసేపు చూసింది.

"నడిచాడు" అంది.

అని, తలవంచుకుని, రెండు పాదాలకూ పసుపు పెట్టి, చీలమండల దాకా నిండుగా కట్టు కట్టింది. అంత పెద్ద కట్టు ఆ రోజు ఎవరికీ కట్టలేదు. కాకా నా భుజం పట్టుకుని, "అనుమానపడ్డానురా, ఏమీ అనుకోకు" అన్నాడు. అమ్మ కిందకు వంగి ఆ కట్ల మీద నుదురు ఆనించింది. జెండా మోసిన జాత్రూకి పెద్దవాళ్ళయినా మొక్కుతారు, అది మా ఆచారమే. కాళ్ళు వెనక్కి లాక్కోవాలని ఉంది. లాక్కుంటే ఎందుకంటారని లాక్కోలేదు. కన్నతల్లి నుదురు నా దొంగకాళ్ళ మీద పెట్టించుకున్నాను.

గుడిలో ఏం జరిగిందో పెద్దగా చెప్పడానికి లేదు. జనం, తోపులాట, కొబ్బరిపీచు, "జై బాబా రీ" కేకలు. అన్న సమాధి ముందు కర్ర వదిలేసి రెండు చేతులూ ఎత్తి ఏడ్చాడు. నేను జెండా అప్పజెప్పాను. అందరూ కళ్ళు మూసుకుంటే నేనూ మూసుకున్నాను గాని ఏం అడగాలో, ఏం చెప్పాలో తోచలేదు. ఊరికి తిరిగొచ్చాక వీధి వీధంతా నన్ను కూర్చోబెట్టి నడక ముచ్చట్లు చెప్పించుకున్నారు. చెప్పాను. రెండు రోజులది ఐదు రోజులుగా సాగదీసి చెప్పాను.

నెల తిరిగింది. ఒక పొద్దున్న అన్న వాకిట్లో నడుస్తూ ఉన్నట్టుండి మోకాలు మడత పడి కూలబడ్డాడు. ఏం కాలేదు, మళ్ళీ లేచి నవ్వాడు. అమ్మ కూడా కంగారుపడలేదు. "మన మొక్కు నిండుగా చెల్లింది, వాడికేం కాదు" అంది నా వంక చూసి. నాకు తల కొట్టేసినట్టయింది. ఆ రోజే నిశ్చయించుకున్నాను, వెళ్ళి ధాపూబాయి ముందు తప్పు ఒప్పుకోవాలని. అమ్మ ముందు ఒప్పుకునే ధైర్యం లేదు, అందుకని ఆమె ముందు.

ఆశ్వయుజంలో ఒక మంగళవారం బస్సెక్కాను. చెట్టు కింద పొయ్యిరాళ్ళు మాత్రమే ఉన్నాయి. రోడ్డు దిగి నాలుగు గుడిసెలు దాటితే ఆమె ఇల్లు. గుడిసె నీడలో నేల మీద కాళ్ళు చాపుకుని కూర్చుంది. రెండు పాదాలకూ తలపాగా గుడ్డ కట్లు. కట్టు అంచుల్లోంచి మడమలు వాచి, నల్లగా పగిలి కనిపిస్తున్నాయి. నన్ను చూసి లేవబోయి, లేవలేక గోడ పట్టుకుంది.

"రండి సా, రండి. మంచం మీద కూర్చోండి. అన్నగారు ఎలా ఉన్నారు?"

చెట్టు కింద ‘నాన్నా’ అన్న మనిషి ఇప్పుడు అయ్యగారూ అన్నట్టు ‘సా’ అంటోంది, ‘మీరు’ అంటోంది. అప్పుడు నాకది వింతగా కూడా తోచలేదు. మంచం మీద నేను కూర్చున్నాను, నేల మీద ఆమె కూర్చుంది.

"బాయీ, నేను లారీలో వచ్చాను" అన్నాను. ఎంతో చెప్పాలనుకుని వెళ్ళాను, వచ్చింది ఆ ఒక్క ముక్క. తర్వాత ఏడుపొచ్చింది. ముప్పై ఐదేళ్ళవాణ్ణి, చిన్నపిల్లాడిలా వెక్కాను.

"తెలుసు కదా సా" అంది. "సుమార్ ఖాన్ ఇంజన్లో నీళ్ళు పోసుకోవడానికి మా దగ్గరే ఆగుతాడు. ఎక్కడ ఎక్కించుకున్నావురా అంటే చెప్పేశాడు. అబద్ధమాడటం చేతకాని సన్నాసి."

"నీ కాళ్ళకేమయింది బాయీ?"

ఆమె కొంగు సర్దుకుంది. చెప్పడానికి ఇబ్బంది పడింది. తప్పు చేసి పట్టుబడింది తనే అన్నట్టుంది.

"మేళా అయిపోయాక బస్సులో మీరు లారీ ఎక్కిన చోటికి పోయాను. అక్కణ్ణుంచి ఇక్కడిదాకా నడిచొచ్చాను. ముసలి మోకాళ్ళు కదా సా, మీకు రెండు రోజులైతే నాకు ఐదు పట్టింది. చెప్పులేసుకోలేదు, మొక్కులో అలాగే ఉందన్నారుగా."

"నువ్వెందుకు నడిచావు బాయీ? తప్పు నాది కదా!"

"నడిచాడన్నది నా నోరే కదా. ఆ తల్లి మొహం చూసి అనేశాను. అన్నాక అది నిజం కావాలా వద్దా? ఆ అన్నగారి కాళ్ళు నిలబడాలా వద్దా? ఇక మీరు బెంగపెట్టుకోకండి. బాబా దగ్గర అడుగు కూడా తక్కువ లేదు."

అరవై దాటిన మనిషి, నా అన్న కోసం, నా అమ్మ కోసం, నేను బస్తాల మీద కాళ్ళు చాపుకుని దాటిన ఇసుకలో వట్టికాళ్ళతో నడిచింది. ఎవరికీ చెప్పుకోలేదు. నేను వెళ్ళకపోతే నాకూ తెలిసేది కాదు. సిగ్గుతో చచ్చిపోవడమంటే ఏమిటో ఆ మంచం మీద తెలిసింది. ఈమె కాళ్ళకు దణ్ణం పెట్టాలి అనుకున్నాను. మనసులో పెట్టాను కూడా.

ఆమె గోడ పట్టుకుని లేచింది. కుంటుకుంటూ లోపలికి వెళ్ళింది. పొయ్యి రాజేసిన చప్పుడు, గిన్నె చప్పుడు. కాసేపటికి గాజుగ్లాసులో టీ పట్టుకుని వచ్చింది. వేడికి గ్లాసును కొంగుతో పట్టుకుంది. "మేకపాలు, చిక్కగా పెట్టాను. పొద్దున్ననగా బయల్దేరి ఉంటారు" అని నా ముందుకు చాచింది.

పొద్దుటి నుంచి నా నోట్లో చుక్క నీళ్ళు పడలేదు. నాలుక పిడచకట్టుకుపోయి ఉంది. చుట్టూ మా ఊరివాడు ఒక్కడూ లేడు, చూసేవాడే లేడు.

"ఇప్పుడే తాగొచ్చాను బాయీ, బస్సు దిగగానే" అన్నాను.

ఆలోచించి అన్నది కాదు. నోరు దానంతటది అనేసింది. చిన్నప్పటి నుంచి మేఘవాళ్ళ వాకిట్లో నిలబడ్డప్పుడల్లా మా నాన్న అన్న మాట, కాకా అన్న మాట, నేను వందసార్లు అన్న మాట. బస్సు ఆగేచోట టీకొట్టే లేదు. అది ఆమెకు తెలియదా?

చాచిన చెయ్యి అలాగే గాల్లో ఆగింది. తర్వాత ఆమె నాలుక కరుచుకుంది, తలమీది కొంగు ముందుకు లాక్కుంది.

"తప్పయింది సా, మనసులో పెట్టుకోకండి. భాద్రపదం వెళ్ళిపోయిందన్న సంగతే మరిచిపోయాను" అంది. గ్లాసు వెనక్కి తీసుకుని, ఆ కట్లు కట్టిన కాళ్ళతో కుంటుకుంటూ లోపలికి నడిచింది.

తప్పు ఒప్పుకోవడానికి బస్సెక్కి వెళ్ళినవాణ్ణి నేను. తప్పయిందని చెప్పింది ఆమె. నేను మంచం మీద కూర్చునే, "పర్వాలేదులే" అన్నాను.